కెటిల్ కొనే ముందు ఇంట్లో ప్లగ్గు చూసుకోండి

లీవు దగ్గర పడిందంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది కార్టన్. టైగర్ బామ్, టాంగ్ డబ్బా, బాదం పప్పు, పిల్లలకు చాక్లెట్లు, ఒక మెత్తటి దుప్పటి. వీటి మధ్య ఇప్పుడు తప్పకుండా చోటు సంపాదించుకుంటున్న వస్తువు ఎలక్ట్రిక్ కెటిల్. షార్జా రోలాలో ఏ షాపుకు వెళ్లినా గుమ్మం దగ్గరే గుట్టగా పోసి, పైన ఆఫర్ కాగితం అంటించి కనబడతాయి.

మొన్న ఆదివారం మా రూంలోని కడప తమ్ముడు అలాంటి గుట్ట ముందే ఆగిపోయాడు. "అన్నా, అమ్మకు కరెంటుది తీసకపోదునా, పొయ్యి మీద పెట్టేది తీసకపోదునా?" అని అడిగాడు. పది దిర్హములో, ఇరవై దిర్హములో తేడా ఉన్న వస్తువు గురించి అంతగా ఆలోచించాలా అని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది.

2021 నవంబరులో మా ఊరి మిత్రుడొకడు లీవు మీద జగిత్యాల వైపు వెళ్తుంటే అతని చేతికి ఒక కెటిల్ ఇచ్చి పంపాను. స్టీలుది, 1.7 లీటర్లది, 2200 వాట్లది. మా అమ్మ ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే మాత్రలు వేసుకోవడానికి వేడినీళ్లు కావాలి. గిన్నెలో కాచి, పటకారుతో పట్టుకుని గ్లాసులో పోసుకునేటప్పుడు చేతులు వణికి ఒకసారి ముంజేయి మీద ఒలికించుకుంది. ఫోన్‌లో ఆ మాట విన్నరోజే కొన్నాను. ఇక్కడి ప్లగ్గుకు మూడు పలక పిన్నులు, మన ఇళ్లలో సాకెట్లకు గుండ్రటి రంధ్రాలు. అందుకని ఒక చిన్న కన్వర్టర్ కూడా పెట్టాను. మిత్రుడు దాన్ని తగిలించి, ఎలా నొక్కాలో చూపించి వచ్చాడు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా ఒకటే జవాబు, "మంచిగున్నది బిడ్డా, నీళ్లు జల్ది కాగుతున్నయి." నేనూ సంతోషపడ్డాను.

2022 ఫిబ్రవరిలో నేను లీవు మీద వెళ్లాను. ఇంట్లో అడుగు పెట్టగానే మంచం పక్కన ఉన్న స్విచ్ బోర్డు కనబడింది. సాకెట్ చుట్టూ అరచేయంత మేర నల్లటి మసి, ప్లాస్టిక్ కరిగి కిందికి జారి గట్టిపడింది. కెటిల్ సజ్జ మీద ఉంది, తిరిగి దాని డబ్బాలోనే, పైన పాత చీర కప్పి. తగిలించిన నాలుగో రోజే కమురు వాసన వచ్చిందట. పక్కింటివాళ్లు వచ్చి మెయిన్ తీసేశారట. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంటే, "నువ్వు అంత దూరం నుంచి పైసలు పెట్టి పంపితివి. ఖరాబైందని ఎట్ల చెప్పాలె కొడుకా?" అంది. ఆ బోర్డుకూ ఆమె తలదిండుకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాణ్ణి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. 2200ను 230తో భాగించి ఉంటే తొమ్మిదిన్నర ఆంప్స్ వచ్చేది. అమ్మ మంచం పక్కన ఉన్నది ఫోన్ ఛార్జింగుకు, టేబుల్ ఫ్యానుకు వాడే చిన్న సాకెట్. దాని శక్తి 6 ఆంప్స్, అంటే సుమారు 1380 వాట్లు. మన ఇళ్లలో గీజరుకు, ఏసీకి వాడే పెద్ద ప్లగ్గు వేరే ఉంటుంది. పవర్ ప్లగ్గు అంటాం, అది 16 ఆంప్స్‌ది. కెటిల్ పెట్టవలసింది అక్కడ. మా పాత ఇంట్లో అది అసలు లేనే లేదు.

ఇక్కడి ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది కదా, అది పోవాలి కదా అని మిత్రుడు అన్నాడు. ఉంటుంది. కానీ అది 13 ఆంప్స్ ఫ్యూజు. తొమ్మిదిన్నర ఆంప్స్ దానికి ఒక లెక్క కాదు, హాయిగా పోనిస్తుంది. ఆ బరువు మోయలేక కాలేది మన చిన్న సాకెట్, దాని వెనకున్న సన్న వైరు, మధ్యలో వదులుగా కూర్చున్న కన్వర్టర్. మీటరు పక్కన పాత పింగాణీ ఫ్యూజు ఉంది, కానీ మాటిమాటికీ పోతోందని ఎవరో ఎప్పుడో అందులో మందపాటి వైరు చుట్టారు. కనుక అదీ కాపాడలేదు.

బోర్డు విప్పిన ఎలక్ట్రీషియన్ ఇంకో సంగతి చూపించాడు. మూడో రంధ్రం వెనక వైరే లేదు, అంటే ఎర్తింగు లేదు. స్టీలు కెటిల్ లోపల ఎక్కడైనా కరెంటు బయటి రేకుకు తగిలితే అది భూమిలోకి పోవలసిన దారి ఆ మూడో వైరే. అది లేకపోతే పట్టుకున్న మనిషే దారి అవుతాడు. మా అమ్మ పొద్దున్నే తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి కెటిల్ ఎత్తుతుంది. ఆ నాలుగు రోజుల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఖర్చు సంగతి. చాలామంది దీని మీదే వాదించుకుంటారు గానీ అందులో పెద్ద సారం లేదు. లీటరు నీళ్లు మామూలు చల్లదనం నుంచి మరగడానికి కరెంటు కెటిల్ తినేది సుమారు పదో వంతు యూనిట్. అంటే ఒక యూనిట్‌కు పది లీటర్లు. గ్యాస్ మీద అయితే మంటలో సగం వేడి గిన్నె పక్కల నుంచి గాలిలోకే పోతుంది కాబట్టి పదిహేను గ్రాముల దాకా గ్యాస్ కాలుతుంది. మన 14.2 కిలోల సిలిండర్‌తో తొమ్మిది వందల లీటర్లకు పైగా కాచుకోవచ్చు. రోజుకు రెండు లీటర్లు కాచుకునే ఇంట్లో ఈ తేడాతో ఎవరూ మేడ కట్టరు, ఎవరూ మునిగిపోరు. టైము సంగతికొస్తే 2200 వాట్ల కెటిల్‌కు లీటరుకు మూడు నిమిషాల లోపు, స్టౌ మీద ఐదారు నిమిషాలు. ఊళ్లో వోల్టేజీ 180కి పడిపోతే ఆ కరెంటు కెటిలే 1350 వాట్లకు దిగిపోయి అదీ నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. కరెంటు పోతే మాత్రం అది అలంకారానికే.

కాబట్టి కడప తమ్ముడికి నేను వేసిన ఎదురు ప్రశ్న ఒక్కటే, "మీ ఇంట్లో పవర్ ప్లగ్గు ఉందా? ఎర్తింగు ఉందా?" తెలియదన్నాడు. ఇంటికి ఫోన్ చేసి, బోర్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టించమన్నాను. పెద్ద రంధ్రాల సాకెట్, పక్కన 16 ఆంప్స్ అని రాసిన స్విచ్ ఉంటే నిశ్చింతగా తీసుకుపో, ఆ ఊళ్లోనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించి, కన్వర్టర్‌తో కాకుండా ప్లగ్గు తల మార్పించు అని చెప్పాను. లేకపోతే కొత్త లైను లాగించాలి. అది అయ్యేదాకా పొయ్యి మీది కెటిలే.

అయితే మన రూముల సంగతి వేరు. ఇక్కడ గోడ సాకెట్ 13 ఆంప్స్‌ది, దాదాపు మూడు వేల వాట్లు మోస్తుంది. చాలా క్యాంపుల్లో రూంలో స్టౌ పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. పొద్దున నాలుగున్నరకు బస్సు ఎక్కేవాడు వంటగది వరుసలో నిలబడి టీ కాచుకోలేడు. కాబట్టి రూంలో కరెంటు కెటిలే సరి. కానీ మనవాళ్లు దాన్ని కెటిల్‌లా వాడితే కదా! అందులో గుడ్లు ఉడికిస్తారు, మ్యాగీ వండుతారు, పాలు పోసి టీ పొడి వేసి మరిగిస్తారు. ఒకాయన అన్నం వండటం కూడా నేను చూశాను. బాగానే ఉడికింది, అది వేరే సంగతి.

ఇది ఎందుకు తప్పో తెలియాలంటే అది తనంతట తాను ఎలా ఆగుతుందో తెలియాలి. తనంతట తానే ఆగే కెటిల్ బ్రిటన్‌లో రసెల్ హాబ్స్ అనే కంపెనీ 1955లో తెచ్చింది. ఆ కిటుకే నేటికీ నడుస్తోంది. నీళ్లు మరిగినప్పుడు పుట్టే ఆవిరి చిన్న దారి గుండా స్విచ్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ రెండు లోహాలు అతికించిన పలుచటి రేకు ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. దాంతో రేకు వంగి స్విచ్‌ను తన్నేస్తుంది. మూత తెరిచి పెడితే ఆవిరి పైకి పోతుంది, రేకు దాకా చేరదు, కెటిల్ ఆగదు. గుడ్లు చూద్దామని మూత తీసి కూర్చున్నవాడి కెటిల్ అందుకే మరుగుతూనే ఉంటుంది. పాలైతే ఆవిరి స్విచ్ దాకా చేరేలోపే నురగ పొంగి మూతి లోంచి బయటికి వస్తుంది, కింద కరెంటు బేస్ మీద పడుతుంది. అడుగున మాడిన పాల పొర మీద రోజూ వేడి చేస్తే అడుగు రేకు చెడిపోతుంది. నీళ్లు కెటిల్‌లో కాచుకోండి, సులేమానీ కప్పులో కలుపుకోండి. మన పాల టీ సెలవు రోజున వంటగదిలో, గిన్నెలో, అల్లం దంచి వేసి తీరిగ్గా చేసుకుంటేనే రుచి కూడా.

రెండో తప్పు ఎక్స్‌టెన్షన్ బోర్డు. మా రూంలో ఎనిమిది మందిమి, గోడకు ఉన్నవి రెండే సాకెట్లు. కెటిల్ 2200, రైస్ కుక్కర్ 700, రెండూ కలిస్తే 2900, అంచు మీద ఉన్నట్టే. అదే సమయంలో ఒకాయన డ్యూటీ షర్టు ఇస్త్రీ మొదలుపెడితే నాలుగు వేలు దాటుతుంది. ఒకరోజు ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు ఫ్యూజు పోయింది. మర్నాడే మళ్లీ పనిచేసింది. ఎవరు బాగుచేశారో అని విప్పి చూస్తే, పోయిన ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది! ఎవరు చేశారో నేటికీ తేలలేదు, ఎనిమిది మందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొత్త ఫ్యూజు ఒకటి రెండు దిర్హములకు దొరుకుతుంది. ఆ రాత్రి ఆ బోర్డు పక్కన పడుకున్న కోనసీమ పెద్దాయన మాత్రం, "ఏమండీ, నా మంచం కాస్త అటు జరపండి" అన్నారు.

కెటిల్ ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలని అప్పటినుంచి మా రూంలో కాగితం రాసి అంటించాం. కనీస గీత కంటే తక్కువ నీళ్లు, పై గీత కంటే ఎక్కువ నీళ్లు పోయకూడదు. పై గీత దాటితే మరిగేటప్పుడు వేడినీళ్లు చిమ్ముతాయి.

పొయ్యి మీది కెటిల్‌కు మా అమ్మ కోసం 2024 జనవరిలో మారాను. స్టీలుది, రెండు లీటర్లది, సీటీ కొట్టేది. చెప్పాలంటే అమ్మ ఇబ్బంది మొదటినుంచీ నీళ్లు కాగడంలో కాదు, వంచి పోయడంలో. పిడీ మూతీ ఉంటే చాలు, కరెంటు అక్కర్లేదు. కొనేటప్పుడు ఖాళీది కాదు, షాపువాణ్ణి అడిగి నీళ్లు పోయించి ఎత్తి చూశాను. లీటరు నీళ్లంటే కిలో బరువు, పైన స్టీలు బరువు. అందుకే అమ్మకు సగం కంటే ఎక్కువ పోయవద్దని చెప్పాను. పిడికి వేడి ఎక్కని తొడుగు ఉండాలి, అది మంట అంచుకు దూరంగా ఉండాలి. అడుగు వెడల్పుగా ఉంటే గ్యాస్ వృథా కాదు. మూత చెయ్యి పట్టేంత పెద్దదైతేనే లోపల తోమడానికి వీలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అడుగున తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి నిమ్మరసం కలిపిన నీళ్లు కాచి, కాసేపు ఉంచి కడిగితే పోతుంది. కరెంటు కెటిల్‌కూ ఇదే వైద్యం.

దీనికీ ఒక పెద్ద లోపం ఉంది. మరిచిపోతే దానంతట అది ఆగదు. సీటీ వినబడేంత దూరంలో మనిషి ఉండాలి. చెవులు సరిగా వినబడని పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో నేను దీన్ని పెట్టమనను. అక్కడ ఖర్చయినా సరే పవర్ ప్లగ్గు వేయించి కరెంటుదే పెట్టండి. మా అమ్మకు చెవులు పాముచెవులు, ఆ భయం లేదు. మొదటి వారం ఫోన్ చేస్తే, "సీటీ అయితే మంచిగనే కొడుతున్నది గని, ఎన్ని సీటీలకు దించాలె బిడ్డా?" అని అడిగింది. కుక్కర్ అనుకుని మూడు లెక్కపెడదామని నిలబడిందట. అది ఒకటే సీటీ, దించేదాకా ఆగదని చెప్పేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది.

సజ్జ మీద ఉన్న 2200 వాట్ల కెటిల్‌ను నేను వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాను. గల్ఫ్ నుంచి ఇంటికి సామాను పోవడం అందరికీ తెలుసు, ఇంటి నుంచి గల్ఫ్‌కు వాపసు వచ్చిన కెటిల్ ఇదొక్కటేనని మా రూంలో అందరూ ఆటపట్టించారు. ఇప్పుడు కిటికీ పక్క గోడ సాకెట్‌కు ఉంది. పొద్దున నాలుగింటికి మొదటి కప్పు కోనసీమ పెద్దాయనదే.