బాపు గారి అక్షరం

హెర్న్‌డన్‌లో మా ఫ్రిజ్ మీద ఒక పెళ్ళి శుభలేఖ ఉంది. తెలుగు చదవడం రాని మా ఎనిమిదేళ్ళ అమ్మాయి మొన్న దాన్ని చూసి, "నాన్నా, ఇవి బుడుగు పుస్తకం మీది అక్షరాల్లా ఉన్నాయి" అంది. నిజమే, అది బాపు గారి రాతే.

అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివినా బతుకంతా కుంచెతోనే. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగుకి రూపమిచ్చారు. 1967లో 'సాక్షి'తో దర్శకులయ్యారు. 1975 నాటి 'ముత్యాలముగ్గు' సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందమైన అమ్మాయిని చూస్తే 'బాపు బొమ్మ' అనేస్తాం కదా!

నాకు మాత్రం ఆయన అక్షరమే ఎక్కువ ఇష్టం. కుంచె ఒత్తిడిని బట్టి తలకట్టు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా మారి శుభలేఖలకూ దుకాణాల బోర్డులకూ ఎక్కింది. ఫాంటులో ఎన్నిసార్లు కొట్టినా అదే 'క'. ఆయన చేత్తో రాస్తే ఏ రెండు 'క'లూ ఒకటి కావు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఈ తేడా ఇట్టే పట్టేస్తాను.

బాపు గారు 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి శుభలేఖ చూసి మార్కర్‌తో 'శు' దింపింది. తలకట్టు వంకరపోయింది. నేను దిద్దలేదు. "తర్వాతిది ఏ అక్షరం?" అని అడిగింది.