పేరులో ఊరు, పేరులో మొక్కు

టీటీఈ ఉద్యోగంలో నేను రోజూ చదివింది రిజర్వేషన్ చార్టు. బెర్తు నంబరు, పేరు, వయసు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను. కొన్నేళ్లు గడిచాక, ఎక్కే స్టేషను చూడకుండానే పేరును బట్టి మనిషి ఎటువైపు వాడో తెలిసిపోయేది. అప్పలస్వామి, పైడిరాజు, నూకరాజు అని వరసగా కనిపిస్తే వాళ్లు విశాఖ, విజయనగరం, అనకాపల్లి వైపు వాళ్లు. పెంచలయ్య అంటే నెల్లూరు. యాదగిరి, యాదమ్మ అంటే నల్గొండ, భువనగిరి. రాజేశం అంటే కరీంనగర్. మద్దిలేటి, ఉరుకుందు అని ఉంటే కర్నూలు వైపు అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

అప్పలస్వామి సింహాచలం అప్పన్న పేరు. పైడిరాజు విజయనగరం పైడితల్లి ఇచ్చిన బిడ్డ, నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ ఇచ్చిన బిడ్డ. రాజేశానిది వేములవాడ రాజన్న పేరు, ఉరుకుందుది ఉరుకుంద ఈరన్న పేరు. ఇందులో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది నరసింహస్వామి సంగతి. సింహాచలంలో ఉన్నది వరాహ నరసింహుడు. పెంచలకోనలో ఉన్నదీ, యాదగిరిగుట్టలో ఉన్నదీ, బేతంచెర్ల దగ్గర మద్దిలేటిలో ఉన్నదీ, అహోబిలంలోనూ కదిరిలోనూ ఉన్నదీ నరసింహుడే. దేవుడు ఒక్కడే. కానీ ఆయన పేరు పెట్టుకున్న మనుషులు మాత్రం అప్పలస్వామి, పెంచలయ్య, యాదగిరి, మద్దిలేటి, ఓబులేసు, కదిరప్ప. తల్లులు మొక్కుకున్నది పురాణంలోని దేవుడికి కాదు, తాము కాలినడకన వెళ్లి తలనీలాలిచ్చిన ఆ కొండమీది దేవుడికి. అందుకే బిడ్డకు ఆ కొండ పేరే పెట్టారు.

ఒకసారి నెల్లూరు దాటాక టికెట్లు చూస్తున్నాను. చార్టులో మస్తానమ్మ అని ఉంది. ఆ సీటులో నుదుట రూపాయి కాసంత కుంకుమ, మెడలో నల్లపూసలతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా వెంట వచ్చిన కొత్త కుర్రాడు వేరే జిల్లావాడు. టికెట్టు ఇంకెవరిదో అనుకుని గుర్తింపు కార్డు అడిగాడు. ఆవిడ కొంగుముడి విప్పి కార్డు తీసి ఇస్తూ, "నా పేరే నాయనా. నా ముందు పుట్టినోళ్లు దక్కలేదంట. మాయమ్మ కసుమూరు మస్తానయ్యకి మొక్కుకుంటే నేను నిలిచినా" అంది. కసుమూరు దర్గా వెంకటాచలం మండలంలో ఉంది. అక్కడా, గుంటూరు మస్తాన్ దర్గాలోనూ మొక్కుకున్న హిందూ కుటుంబాల్లో మస్తానయ్యలు, మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఎందరో ఉన్నారు. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండగ నాడు నిప్పులగుండం తొక్కే జనంలో సగం మంది ఇళ్లలో ఒక కుళ్లాయప్పో, కుళ్లాయమ్మో ఉంటారంటే నేను నమ్ముతాను. ఆ ఊరి కుళ్లాయిస్వామి పేరది. రాయలసీమలో హుసేనప్ప, దస్తగిరి, ఫకీరప్ప అన్న పేర్లు విని ఎవరిది ఏ మతమో చెప్పలేం. చెప్పాల్సిన పని ఉందని ఆ ఊళ్లవాళ్లకు ఎన్నడూ అనిపించలేదు. ఈ పేర్లు మన మధ్య ఇంకా పిలుపులో ఉండటం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

మొక్కు తీరి పెట్టిన పేర్లు ఇవైతే, భయపడి పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు కనిపిస్తారు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఈసారి పుట్టిన బిడ్డను పొరుగింటి ఆమెకు తవుడుకు అమ్మినట్టు చేసి మళ్లీ తెచ్చుకునేవారు. ఇంత తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువు కన్నెందుకు వేస్తుందన్నది ఆ తల్లి ఆశ. తెలంగాణలో పెంటయ్య, పెంటమ్మ ఉన్నారు. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దొరికినట్టుగా ఎత్తుకొచ్చుకున్నారు. భిక్షంగా అడిగి తెచ్చుకున్నట్టు బిక్షపతి, బిచ్చమ్మ అన్నారు. ఆ పేరున్నవాళ్లను బడిలో ఏడిపించారు, వాళ్లు ఆఫీసుల్లో నవ్వులపాలయ్యారు. నవ్వినవాళ్లకు ఆ పేరు వెనకాల పోయిన పసివాళ్లు కనబడలేదు. దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 1971లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారని శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కలు చెబుతాయి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. చార్టులో చిన్న వయసు తవిటయ్య, చిన్న వయసు పెంటమ్మ కనిపించడం మానేశారంటే అసలు కారణం అదే. ఆ పేర్లు పోయినందుకు నాకు బాధ లేదు.

పేరు తల్లి మొక్కును చెబితే, ఇంటిపేరు ఆ కుటుంబం వదిలేసి వచ్చిన ఊరును చెబుతుంది. కందుకూరి, టంగుటూరి, గుడిపాటి, రాయవరపు లాంటి వాటిని ఒకసారి పలికి చూడండి. కందుకూరు కందుకూరి అయింది, గుడిపాడు గుడిపాటి అయింది, రాయవరం రాయవరపు అయింది. ఊరి చెరువు, ఇంటి గడప అన్నప్పుడు మాట చివర ఎలా మారుతుందో ఇదీ అంతే. కందుకూరి వీరేశలింగం అంటే కందుకూరు వారి వీరేశలింగం. తెలుగులో ఇంటిపేరు ముందు రావడానికీ ఇదే లెక్క. ఎవరి వాడో చెప్పాకే ఎవడో చెబుతాం.

కందుకూరులో ఉన్నన్నాళ్లూ ఎవరినీ కందుకూరివారు అనరు. అక్కడ అందరిదీ కందుకూరే కదా. ఇంకో ఊరు వలస వెళ్లాక, ఆ ఊరివాళ్లు "కందుకూరు నుంచి వచ్చినవాళ్లు" అని పిలిస్తే అది ఇంటిపేరవుతుంది. కాబట్టి ఊరి పేరుతో వచ్చిన ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు గుర్తు. వీరేశలింగంగారు 1848లో పుట్టింది రాజమండ్రిలో. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది తిరుత్తణిలో. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో, కసుమూరు ఉన్న ఆ వెంకటాచలం మండలంలోనే. పి.వి. నరసింహారావు వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు, ఇంటిపేరు మాత్రం పాములపర్తి. కరువుకు కదిలారో, ఇనాం దొరికి కదిలారో, దండుకు భయపడి కదిలారో చాలా ఇళ్లలో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. కదిలారన్నది మాత్రం ఇంటిపేరు చెబుతూనే ఉంది.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్లవి కావు. మేకల, ఆవుల, పులి, నక్కా, చింతల, మర్రి, మిరియాల, ఉప్పుల, కందుల అనేవీ ఉన్నాయి. సోమయాజుల, ద్వివేదుల చదువూ యజ్ఞమూ చెబితే, కరణం, దేశ్‌ముఖ్ చేసిన కొలువు చెబుతాయి. దత్తత పోతే ఇంటిపేరు మారుతుంది. పూడిపెద్ది వారింట పుట్టిన శ్రీశ్రీ శ్రీరంగం వారయ్యారు, కొమ్మూరి వారింట పుట్టిన చలం తాతగారికి దత్తుడై గుడిపాటి వారయ్యారు. పెళ్లితో ఆడవాళ్ల ఇంటిపేరు మార్చడం ఆనవాయితీయే తప్ప, మార్చి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. చాలా కులాల్లో ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోరు. పెళ్లిచూపుల్లో ముందడిగేది అందుకే అది.

పేరు చెబితే ఊరే కాదు, కులమూ తెలుస్తుంది. పాత కాగితాల్లో కొందరి పేర్ల చివర "గారు", కొందరి పేర్ల చివర "గాడు" రాశారు. ఆ అవమానం మోసిన ఇళ్ల పిల్లలు తాతల పేర్లను పక్కన పెట్టి కొత్త పేర్లు పెట్టుకుంటే తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. నా బాధంతా ఏ అవమానమూ లేకుండా, కేవలం ఫారంలో చోటు చాలక పోతున్న ఇంటిపేర్ల గురించి.

మా రిజర్వేషన్ ఫారంలో పేరుకిచ్చిన చోటు 15 ఇంగ్లీషు అక్షరాలు. వెంకట సత్య సూర్యనారాయణమూర్తి అందులో సగం కూడా పట్టడు. దాంతో ముందు నరికేది ఇంటిపేరునే. అది కె. అవుతుంది, టి. అవుతుంది. మిగిలినదాన్ని ఇంగ్లీషులో రాస్తే త, ట ఒకటవుతాయి, ద, డ ఒకటవుతాయి. తాత అన్న ఇంటిపేరును టాటా అని పిలిచాను, ఆయన లేచి నిలబడి సరిచేశాడు. బండి అన్న ఇంటిపేరు బంది అవుతుంది. అమెరికా వెళ్లే పిల్లలకు ఇంకో చిక్కు. అక్కడ ఇంటిపేరు చివర ఉండాలి కనుక, తండ్రి పేరు చివరి ముక్కో తన పేరు చివరి ముక్కో ఇంటిపేరుగా నమోదై, ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు ఇంటిపేర్లతో తేలతారు. పాస్‌పోర్టులో ఒక్కటే పేరున్నవాళ్లకు వీసా మీద ముందు పేరు తెలియదని ఎఫ్‌ఎన్‌యూ అని మూడు అక్షరాలు వేస్తారు.

ఇలా ఇంటిపేరు సముద్రం దాటేటప్పుడు పోవడం కొత్త కాదు. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లిన ఓడల్లో మన ఉత్తర సర్కారు జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఓడ గుమాస్తా ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ రాసుకున్నాడు. ఇంటిపేరుకు గడి లేదు. నాయుడు అన్న బిరుదే అక్కడ నాయుడూ అన్న ఇంటిపేరుగా స్థిరపడింది. కొందరికి తాత పేరే ఇంటిపేరైంది. అయినా ఆ జాబితాలు ఉన్నాయి గనుక, డర్బన్‌లో ఉన్న మునిమనవడు తమ తాత ఏ తాలూకాలో ఏ ఊరివాడో వెతుక్కోగలుగుతున్నాడు.

మన ఫారాల్లో ఆ ఊరి గడి కూడా లేదు. కె. అంటే కందుకూరో, కొణిదెలో, కాట్రగడ్డో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి. మీ ఇంట్లో వాళ్లుంటే అడగండి. ఇంటిపేరు పూర్తిగా, తెలుగు లిపిలో రాయించండి. ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో, అక్కడి నుంచి ఎవరు వచ్చారని చెప్పుకునేవారో, అమ్మమ్మ పుట్టింటివారి ఇంటిపేరేమిటో, మీ నాన్నగారికి ఆ పేరు ఏ కొండ మొక్కుతో వచ్చిందో, అవి కూడా పక్కనే రాయించండి.