ముద్ద... మాట... మొహం!

నోటి క్యాన్సర్ మళ్లీ వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న... ‘మనిషి దక్కుతాడా?’ దాని వెనకే, పైకి అనలేని ప్రశ్న ఇంకొకటి ఉంటుంది... ‘దక్కినా తినగలడా? మాట్లాడగలడా? నలుగురిలోకి రాగలడా?’ ఆ రెండో ప్రశ్నకు వైద్యులిచ్చే జవాబే పునర్నిర్మాణ శస్త్రచికిత్స.

అది 1923. వియన్నా నగరం. మనోవిశ్లేషణకు పితామహుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ నోట్లో, కుడివైపు పై దవడ దగ్గర ఓ పుండు కనిపించింది. చుట్ట లేనిదే ఆయనకు పూట గడిచేది కాదు. ఏప్రిల్‌లో పుండు కోసి తీశారు. అది క్యాన్సర్. అంతటితో పోలేదు. అక్టోబరులో హాన్స్ పిష్లర్ అనే సర్జన్ పై దవడలో కొంత భాగాన్నీ, అంగుడినీ తొలగించాల్సి వచ్చింది. నోటికీ ముక్కుకీ మధ్య ఉండాల్సిన గోడ పోయింది.

ఆ కంతను మూయడానికి పళ్లసెట్టు లాంటి పెద్ద అమరికను తయారుచేసి పెట్టారు. పెట్టుకుంటే నోరంతా ఒరుసుకుపోయేది. తీసేస్తే మాట, తిండి కష్టం. ఇంట్లో దానికి పెట్టుకున్న పేరు ‘రాకాసి’! నలుగురితో కలిసి భోంచేయడమన్నా ఆయన ఇబ్బందిపడేవారు. 1939లో లండన్‌లో కన్నుమూసే వరకూ పదహారేళ్లలో ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు. అన్ని కోతల తర్వాతా చుట్ట మాత్రం మానలేకపోయారు.

మన తీరంలోనూ...

ఫ్రాయిడ్‌కు వచ్చిన చోటే, అంటే అంగుడి దగ్గరే, మన ఉత్తరాంధ్ర మహిళలకూ క్యాన్సర్ వస్తుంటుంది. కారణం ‘అడ్డపొగ’... నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు. ఖైనీ, గుట్కా, పొగాకు నమిలేవారికైతే ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ల మీద, నాలుక పక్కన వస్తుంది.

తీసేసినా మళ్లీ ఎందుకొస్తుంది? కంటికి కనిపించని కణాలు కొన్ని మిగిలిపోవచ్చు. లేదంటే ఏళ్ల తరబడి పొగాకు తగిలిన నోటి పొరలోనే మరోచోట కొత్తగా మొదలవచ్చు. తిరగబెట్టేవాటిలో ఎక్కువభాగం తొలి రెండేళ్లలోనే బయటపడతాయి. ‘తగ్గిపోయిందిగా’ అని పరీక్షలకు వెళ్లడం మానేయకూడదని డాక్టర్లు చెప్పేది అందుకే.

అప్పుడు లేనిది... ఇప్పుడున్నది

ఫ్రాయిడ్ కాలంలో లేనిది, ఇప్పుడు ఉన్నది ఒకటే... సన్నని రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కుట్టగలిగే నేర్పు. 1979లో స్టీఫెన్ అరియన్ అనే అమెరికన్ సర్జన్ ఛాతీ కండను రక్తనాళం తెగకుండా మెడ మీదుగా నోటి దాకా తిప్పి అతికే పద్ధతిని వివరించారు. దీన్ని ఇప్పటికీ వాడుతున్నారు. 1981లో చైనా వైద్యులు ముంజేతి చర్మాన్ని నాళాలతో సహా తీసి వేరేచోట అతకడం గురించి ప్రకటించారు. పలుచగా, మెత్తగా ఉండే ఆ చర్మం నాలుకకు బాగా ఒదుగుతుంది. బుగ్గ మొత్తం పోతే తొడ నుంచి తీసుకుంటారు.

మరి దవడ ఎముక? మన పిక్కలో రెండు ఎముకలుంటాయి. బరువు మోసేది ప్రధానంగా లోపలిది. వెలుపలి సన్నదాంట్లో మోకాలి దగ్గరా మడమ దగ్గరా కొంత ఉంచి, మధ్యభాగాన్ని తీసుకోవచ్చు. 1975లో ఆస్ట్రేలియా సర్జన్ ఇయాన్ టేలర్ దాన్ని రక్తనాళాలతో సహా మరో కాలికి మార్చారు. 1989లో న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో దాంతోనే కింది దవడను నిర్మించే తీరు చూపించారు. నిటారు ఎముకను అక్కడక్కడా కోసి, వంపు తిప్పి, టైటానియం పలకలతో బిగిస్తారు. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల మందముండే నాళాలను మెడలోని నాళాలకు కుట్టేస్తారు. రక్తం పారిందా... కాలి ఎముక దవడైనట్టే!

రెండోసారి... రెట్టింపు కష్టం

తిరగబెట్టిన క్యాన్సర్‌లో ఇదంత తేలిక కాదు. మొదటిసారి ఇచ్చిన రేడియేషన్‌తో కండ గట్టిపడి ఉంటుంది, గాయం త్వరగా మానదు. పాత శస్త్రచికిత్సలో మెడ నాళాలు కొన్ని పోయి ఉంటాయి. ఒక్కోసారి రెండోవైపు మెడలో వెతుక్కోవాల్సిందే. అలాంటి చోట తన రక్తం తాను తెచ్చుకునే తాజా కండ అలంకారం కాదు, అవసరం. అది లేకపోతే గాయం విచ్చుకుని, లాలాజలం మెడలోకి దిగి, పెద్ద రక్తనాళానికే ముప్పు రావచ్చు.

ఆపరేషన్‌కు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టొచ్చు. ఒక బృందం గడ్డ తీస్తుంటే, రెండో బృందం కాలి దగ్గరో తొడ దగ్గరో పనిలో ఉంటుంది. తర్వాతి రెండు మూడు రోజులే కీలకం. నర్సు గంటగంటకూ కొత్త కండ రంగు చూస్తుంటుంది. నీలంగా మారితే సిర మూసుకుపోయిందేమోనని, తెల్లగా పాలిపోతే ధమనిలో అడ్డుందేమోనని అనుమానం. వెంటనే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తే చాలాసార్లు కాపాడుకోవచ్చు.

అద్దం ముందు...

అన్నీ మునుపటిలా అవుతాయా? కావు. ముంజేతి చర్మంతో కట్టిన నాలుక భాగానికి రుచి తెలియదు, దానంతటది కదలదు. మిగిలిన నాలుకే దాన్ని నడిపించుకోవాలి. ఛాతీ చర్మం నోట్లోకి వెళ్లినా ఛాతీ చర్మమే... వెంట్రుకలుంటే అక్కడా పెరుగుతాయి! కొన్నాళ్లు ముక్కు గొట్టంతోనే ఆహారం. గొంతు దగ్గర పెట్టిన శ్వాస గొట్టం తీసేదాకా కాగితమే మాట. ఆ తర్వాత మింగడం, పలకడం, నోరు తెరవడం అన్నీ సాధన చేసి నేర్చుకోవాలి. అద్దం ముందు కూర్చుని రోజూ చేసే ఆ వ్యాయామాలు ఆపరేషన్‌లో సగం.

కుటుంబం ముందే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గడ్డ మొత్తం తీయడం సాధ్యమేనా? ఊపిరితిత్తుల వంటి చోట్లకు పాకలేదని స్కాన్‌లో తేలిందా? ఎక్కడి కండ తీస్తారు, అక్కడ ఏం మిగులుతుంది? మామూలుగా తినడానికి ఎంతకాలం పడుతుంది? ప్రభుత్వ ఆరోగ్య పథకం ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందా? గడ్డ మెడలోని ప్రధాన ధమనిని చుట్టేసినా, దూరం పాకినా డాక్టర్లు కత్తి పట్టకపోవచ్చు. అప్పుడు నొప్పి లేకుండా చూసుకోవడమే వైద్యం. ‘ఇంకేం చేయలేం’ అని దాని అర్థం కాదు.

పొగాకు మాత్రం ఆ రోజే ఆగాలి. పొగలోని నికోటిన్ నాళాలను కుదించేస్తుంది. ఆ సన్నని కుట్టు మీదే కదా కొత్త దవడ ప్రాణం నిలబడింది!

ఇన్ని గంటల కష్టం, ఇంతమంది నేర్పు... అంతా దేనికి? ఒకరోజు ఆ మనిషి గిన్నెలో మెత్తగా కలిపిన పెరుగన్నం తీసుకుని, ఎవరికీ కనబడకుండా మూలకు వెళ్లకుండా, ఇంట్లోవాళ్ల పక్కనే కూర్చుని తినడానికి.