తెలిసియు తొలగని భ్రాంతి

త్రాటిని జూచి పామనుకొనుట మన వేదాంత గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైన దృష్టాంతము. దీపము తెచ్చినంతనే పాము మాయమగును, త్రాడు మిగులును. కాని దీపమునకు లొంగని భ్రాంతులును కలవని మన పెద్దలెఱుగుదురు. శంకరాచార్యులవారు బ్రహ్మసూత్ర భాష్యమున అధ్యాసను వివరించుచు, ముత్యపుచిప్ప వెండివలె తోచుటను, ఒక్క చంద్రుడే ఇరువురివలె కనబడుటను ప్రక్కప్రక్కనే చెప్పినారు. చిప్పను చేతికి తీసికొన్నచో వెండి యను భ్రమ తీరును. కంటిజబ్బు గలవానికో, చంద్రుడొక్కడే యని ఎంత తెలిసినను ఇరువురు కనబడుచునే యుందురు. ఈ రెండవ తెగకు జెందినదే నేడు వైద్యులను చిక్కున బెట్టుచున్న యొక రుగ్మత.

రై ధాన్యపు కంకులకు పట్టు ఎర్గాట్ అను బూజునుండి లభించు ఆమ్లము ఆధారముగా, 1938లో స్విట్జర్లండునందలి బాసెల్ నగరమున, సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్.ఎస్.డి. అను పదార్థమును తయారుచేసెను. 1943 ఏప్రిల్ 19వ తేదీన తనమీదనే పరీక్షింపదలచి గ్రాములో నాలుగువేలవ వంతు మాత్రము పుచ్చుకొనెను. సైకిలుపై ఇల్లు చేరుచుండగా ఎదుటి దృశ్యమెల్ల వంకర అద్దములో వలె అలలాడెను. మతి పోవుచున్నదని భయపడెను గాని మఱునాటికి తేఱుకొనెను.

అందఱి కథయు ఇట్లు ముగియలేదు. మందు ప్రభావము పూర్తిగా దిగిన తరువాత కూడ కొందఱి చూపు యథాస్థితికి రాదు. కదలు చేతి వెనుక చేతుల వరుస సాగినట్లుండును. చూపు మరల్చినను చూచిన వస్తువు ఛాయ చాలసేపు నిలుచును. దీపముల చుట్టును పరివేషములు, తెల్లగోడమీద ముగ్గులవంటి గీతలు, చూపంతట సన్నని ఇసుక రాలుచున్నట్లు చుక్కలు! ఇవి కొందఱికి వారములు, మఱికొందఱికి ఏండ్లు ఉండును. చీకటిలోను, అలసటలోను హెచ్చును.

1983లో హెన్రీ డేవిడ్ ఏబ్రహాం అను అమెరికా మనోవైద్యుడు ఎల్.ఎస్.డి. వాడిన 123 మందిని పరిశీలించి ఈ లక్షణములను క్రమముగా వివరించెను. 1987లో అమెరికా మనోవైద్య సంఘమువారి వ్యాధుల పట్టికలో దీనికి స్థానము లభించెను. వాడినవారిలో అధికులకు ఇది రాదు. కాని ఒక్కసారి పుచ్చుకొన్నవారికిని కలిగిన సందర్భములు కలవు. ఎవరికి వచ్చునో ముందుగా తెలుపగల పరీక్ష లేదు.

దీనికి గురియైనవాడు పిచ్చివాడు కాడు. పిచ్చివాడు తాను చూచినది నిజమని వాదించును. ఇతడు నిజము కాదని తానే చెప్పును. కంటి వైద్యునికడకు పోయినచో కన్నులు బాగుగనే యున్నవందురు. లోపము కంటిలో గాక మెదడులో నున్నదని పరిశోధకుల యూహ. అక్కఱలేని దృశ్య సంకేతములను అణచవలసిన నాడులు పట్టు సడలినవని వారందురు. నిశ్చయమైన చికిత్స ఇంకను లేదు. క్లొనాజిపామ్, లామొట్రిజిన్ వంటి మందులు కొందఱికి ఉపశమనమిచ్చినవి. ఉన్మాదమునకు వాడు రిస్పెరిడోన్ కొందఱిలో బాధను హెచ్చించినట్లు వైద్యులు వ్రాసినారు. కావున ఇతనిని పిచ్చివానిగా నెంచుట మాటలోని పొరపాటు మాత్రమే కాదు. చికిత్సలోని ప్రమాదము కూడ.

మన దేశమున 1985 నాటి చట్టము ఈ పదార్థమును నిషేధించినది. నిషేధము ఉచితమే. అయినను ఆ భయముచేతనే బాధితుడు జరిగినదానిని వైద్యునికడ దాచును. వైద్యుడు వేఱొక వ్యాధికి మందిచ్చును. పడుచువారిని హెచ్చరింపవలసినదే. కాని ఇదివఱకే దెబ్బ తిన్నవానికి హితబోధతో పని లేదు. ఎదుట నున్నది త్రాడే యని అతనికి తెలియును. తనకు పాము కనబడుచున్నదన్న మాటను ఇంటివారు నమ్మినచో, అతడు దాపరికము మాని వైద్యునికడకు పోగలడు.