కొండ యెక్కుటకు ముందు

బాలబాలికలారా! క్రొత్త సంవత్సరమున కొండ యెక్కవలెనను కోరిక మంచిదే. కాని యెందులకు, ఎట్లు అని ముందుగా యోచింపవలెను.

కేతేపల్లికి వాయవ్యమున, భువనగిరిలో, కోటను మోయుచున్న ఏకశిల కలదు. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ తొలుత ఆ బండపై శిక్షణ పొందెను. పిదప డార్జిలింగు, లడాఖులలో మంచును, చలిని సహింప నేర్చెను. 2014 మే 25న తోటి విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కూడ ఎవరెస్టు శిఖరమును చేరెను. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఆ విజయమునకు మూలము తొందర గాదు, క్రమశిక్షణము.

మీరును సమీపమున నున్న గుట్టతో ప్రారంభింపుడు. పెద్దల తోడు, త్రాగునీరు, గట్టి పాదరక్షలు ఉండవలెను. చూడదలచినది చెట్టో, రాయియో, కోటగోడయో ముందే నిర్ణయించుకొనుడు. దిగుటకు సగము బలము దాచుకొనుడు. ఎండ ముదిరినను, కాలు తడబడినను వెనుదిరుగుడు; అది ఓటమి గాదు. కొండ రేపును అచ్చటనే యుండును.