నాణెమునకు దొరికిన చోటే సాక్ష్యము

పురాతన నాణెము చేతికి రాగానే మనము దానిపైని అక్షరములను చదువబూనుదుము. ముద్రించిన ప్రభువెవరు, టంకశాల యెక్కడిది, సంవత్సరమేది అని విచారింతుము. అది ఎచ్చట దొరికినది అను ప్రశ్న తరచుగా వెనుకబడును. వలసపాలన కాలపు నాణెముల విషయమున ఈ ప్రశ్నయే ప్రధానమని చూపుటకు అమెరికాలో లభించిన ఒక చిన్న వెండి నాణెము చాలును.

రోడ్ ఐలండ్ రాష్ట్రమునందలి మిడిల్‌టౌన్‌లో ఒక పండ్లతోట కలదు. వలసకాలపు నాణెములు, తుపాకి గుండ్లు, పాతకాలపు చెప్పుల బకిలీ అచ్చట బయల్పడగా, ఒక ఔత్సాహికుడు మెటల్ డిటెక్టరుతో వెదకుట కొనసాగించెను. 2014లో అతనికి నల్లబడిన నాణెమొకటి దొరికినది. దానిపై నున్నది ఆంగ్లలిపి కాదు, అరబ్బీ లిపి! అది 1693లో యెమెన్ దేశమున ముద్రితమైనదని పరిశీలనలో తేలినది.

ఇచట ఆ యంత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. దాని అడుగునగల తీగచుట్టలో మారుచుండు విద్యుత్తు ప్రవహించుటచే అయస్కాంత క్షేత్రమేర్పడును. ఆ క్షేత్రము నేలలోని లోహమున సుడి ప్రవాహములను పుట్టించును. వానివలన కలుగు ప్రతిస్పందనను యంత్రము గ్రహించి ధ్వనిగా వినిపించును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహమున చిక్కిన గుండును కనుగొనుటకు గ్రాహంబెల్లు ఇట్టి సాధనమునే ప్రయోగించి విఫలుడయ్యెను. నేటి యంత్రములకు సైతము చిన్న నాణెము జానెడు లోతునకు మించి అందుట అరుదు. లోహమున్నదని మాత్రమే యంత్రము చెప్పును. అది ఏ పొరలో, ఏ వస్తువుల సరసన ఉన్నదో గుర్తించి వ్రాసికొనవలసినవాడు మనుష్యుడే.

యెమెన్ నాణెము అంత దూరము ఎట్లు చేరినది? సమాధానమునకై మన దేశచరిత్రనే ఆశ్రయింపవలెను. 1695 సెప్టెంబరులో మక్కాయాత్రికులతో సూరతునకు మరలివచ్చుచున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని హెన్రీ ఎవరీ అను ఆంగ్ల సముద్రచోరుడు కొల్లగొట్టెను. పోరున ఓడలోని ఫిరంగి యొకటి ప్రేలి స్వజనమునే చంపినదని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసెను. యాత్రికులపై జరిగిన దారుణములను విని చక్రవర్తి ఆగ్రహింపగా సూరతులోని ఆంగ్ల వర్తకులు నిర్బంధింపబడిరి. 1696లో పట్టుబడిన ఎవరీ అనుచరులలో ఐదుగురు లండనులో ఉరితీయబడిరి. ఎవరీ మాత్రము దొరకలేదు.

ఆ దోపిడిసొమ్మే రోడ్ ఐలండ్ చేరినదని అన్వేషకుని వాదము. ఇది ఆకర్షణీయమే గాని ఒక చిక్కు కలదు. రోడ్ ఐలండ్‌లోనే యున్న న్యూపోర్టు రేవునకు చెందిన థామస్ ట్యూ అను మరియొక సముద్రచోరుడు ఎర్రసముద్రపు దోపిడితో 1694లో ఇల్లు చేరెను. కావున ఒక్క నాణెమును బట్టి ఈ సొమ్ము ఎవరీదే యని నిర్ణయించుట సాహసము. అయితే మసాచుసెట్స్, కనెక్టికట్, ఉత్తర కరొలైనాలలో సైతము ఆ కాలపు అరబ్బీ నాణెములు దొరికినట్లు 2021 నాటికి వెల్లడి యైనది. ఒంటి నాణెము ఊహకు తావిచ్చును. పలుచోట్ల దొరికినవి, స్థలములు నమోదైనవి యగుచో చారిత్రక వాదమునకు ఆధారము లగును. ఎర్రసముద్రపు దోపిడిసొమ్ము అమెరికా వలసలలో చెలామణి యైనదనుట వీనివలన బలపడుచున్నది. అది ఏ చోరునిది యనుట ఇంకను చర్చనీయాంశమే యని నా అభిప్రాయము. ఆ నాణెమే స్థలవివరము లేక అంగడికి చేరియుండిన, యెమెన్ నాణెములలో మరియొకటిగా మిగిలిపోయెడిది.

మన ప్రాంతమున గుప్తనిధుల ఆశతో డిటెక్టరులు చేతబట్టి పాడుపడిన గుడులను త్రవ్వువారు చేయు నష్టమిట్టిదే. దొరికిన నాణెమును వారు దాచుదురు. దొరికిన చోటును అంతకంటె జాగ్రత్తగా దాచుదురు! 1878 నాటి భారత నిధినిక్షేపముల చట్టము మాత్రము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపుమనుచున్నది. ఆ వ్రాతలో నిధి స్వభావము, విలువ, దొరికిన తేదీలతో పాటు దొరికిన స్థలమును సైతము పేర్కొనవలెను.