తాళం వేసేముందు

ఫోనులో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనబడే రోజుల్లో, మన లిపికోసమే ఆండ్రాయిడ్ ఫోనును రూట్ చేసినవారున్నారు. తమిళనాట హోసూరు, కృష్ణగిరుల్లో కాపురముండే మనకు ఆ ఆరాటం తెలియనిది కాదు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగును తనలో చేర్చుకోవడంతో ఆ అవసరం తీరింది. వేరే సరదాలకు చేసేవారు ఇప్పటికీ లేకపోలేదు. రూట్ అంటే ఫోనుమీద సర్వాధికారం. అది ఉన్న ఫోనులో చాలా బ్యాంకుల యాప్‌లు పనిచేయమని మొరాయిస్తాయి.

తీయదలచినవారు ముందుగా ఫొటోలు, నంబర్లు మరొకచోట దాచుకోవాలి. మ్యాజిస్క్‌తో రూట్ చేసివుంటే, ఆ యాప్‌ను ఊరికే చెరిపితే చాలదు. అందులోనే ఉన్న పూర్తి తొలగింపు మీట నొక్కాలి. ఫోను లేచేటప్పుడు నడిచే బూట్ భాగాన్ని అది పూర్వరూపానికి తెస్తుంది. కుదరకపోతే, సరిగ్గా అదే మోడల్‌కు కంపెనీవారిచ్చిన అసలు సాఫ్ట్‌వేరు ఎక్కించాలి.

బూట్‌లోడర్‌కు తాళం వేయడం చిట్టచివరి పని. తొందర కొంప ముంచేది ఇక్కడే. మార్పులు మిగిలివుండగా తాళం వేస్తే ఫోను మళ్ళీ లేవకపోవచ్చు. అన్నీ సవ్యంగా ఉన్నా, తాళం పడగానే లోపలివన్నీ చెరిగిపోతాయి. బాగలూరు రోడ్డులో ఏ దుకాణానికి ఇచ్చినా ఈ వరుస అడిగి తెలుసుకునే ఇవ్వమంటాము.

శాంసంగ్ ఫోనుల్లో నాక్స్ గుర్తు మాత్రం ఒకసారి మారితే మారినట్లే. రూట్ తీసేసినా సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు.